సగం పవర్

ఆమెకు మేకు అని పేరు పెట్టింది అన్నయ్య. చిన్నప్పుడు ఒకచోట కూర్చుందంటే నలుగురు లాగినా లేచేది కాదట. "ఇది పిల్ల కాదు, మేకు. దిగిందంటే ఊడి రాదు" అన్నాడట. ఆ పేరే నిలిచిపోయింది. పెళ్ళయిన కొత్తలో భర్త కొన్నాళ్ళు అసలు పేరుతో పిలిచి చూశాడు. ఆమె పలకకపోయేసరికి ఆయనా దారికొచ్చాడు.

భర్తకు లాండ్రీ ఉంది. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, బల్లల మీద పరిచే గుడ్డలు మూటలకొద్దీ అక్కడికి వస్తాయి. పగలంతా మేకు ఆ మూటలు విప్పి తెల్లవి ఒక పక్క, రంగువి ఒక పక్క, మరకలు మొండికేసినవి తన పక్క వేసుకునేది. వారాంతాల్లో గిటారు భుజాన తగిలించుకుని అన్నయ్య బ్యాండుకు వెళ్ళేది. బ్యాండంటే ముగ్గురే. అన్నయ్య బేస్ గిటారు వాయిస్తూ పాడతాడు, వదిన డ్రమ్స్ వాయిస్తుంది, మేకు గిటారు. క్లబ్బు హాళ్ళలో, హోటళ్ళలో, ఆఫీసుల వార్షికోత్సవాల్లో వాయించేవాళ్ళు. ముగ్గురూ ఇంటివాళ్ళే కాబట్టి తగాదా వస్తే బయటికి పొక్కేది కాదు, భోజనాల దగ్గర తేలిపోయేది.

మేకు గిటారు కంటే ఆమె ఆంప్లిఫయరు గురించి ఎక్కువ చెప్పాలి. ఆంప్లిఫయరూ స్పీకరూ ఒకే చెక్కపెట్టెలో ఇమిడిన రకం అది. బ్యాండు మానేసి కోళ్ళఫారం పెట్టుకుంటున్న ఒక ముసలి గిటారిస్టు దగ్గర కొన్నది. లోపల ఇప్పటి చిప్పులు ఉండవు, పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులుంటాయి. మొదటి మీట వేస్తే అవి నెమ్మదిగా వేడెక్కి నారింజరంగులో వెలుగుతాయి. అప్పటిదాకా ఆగి రెండో మీట వేస్తేనే పెట్టె నోరు విప్పుతుంది. ముందువైపు వాల్యూమ్, బేస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌లు, చివర రివర్బ్‌ది ఒకటి. ఆ రివర్బ్ కోసం పెట్టె అడుగున నిజమైన స్ప్రింగులే ఉంటాయి. మోత వాటిగుండా పోయి, ఖాళీ గోడౌనులో పలికి వచ్చినట్టు తిరిగొస్తుంది. ఎవరి కాలైనా పొరపాటున తగిలితే ఆ స్ప్రింగులు ఉరిమినట్టు మోగుతాయి. బరువు సంగతి అడగొద్దు. "దీన్ని మోసే కంటే నిన్ను మొయ్యడం తేలిక" అని భర్త మెట్లు ఎక్కిన ప్రతిసారీ అనేవాడు.

ఇంత బరువును మేకు ఎందుకు భరించిందంటే, ఆ పెట్టె ఆమె చేతిని కనిపెట్టి ఉండేది. తీగను సుతారంగా తాకితే గాజుగ్లాసు అంచుకు గోరు తగిలినట్టు తేటగా పలికేది. ఇంకాస్త నొక్కితే ఆ తేటదనం చిక్కబడి, స్వరం అంచులు బిరుసెక్కేవి. గట్టిగా కొడితే మోత ఒక్క క్షణం పరుపులా లోపలికి కుంగి, కరకరమని చీలుతూ పైకి లేచేది. కాలికింద తొక్కే మీటలు ఆమెకు అక్కర్లేదు. వాల్యూమ్ నాబ్ దగ్గర గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టుకుంది. నాబ్‌ను ఆ చుక్కకు తిప్పి వదిలేస్తే మిగతా పనంతా మణికట్టుదే. అన్నయ్య గొంతు తగ్గించినప్పుడు ఆమె వేళ్ళు తగ్గేవి, అతను గొంతెత్తినప్పుడు ఆమె కొట్టేది. జనం అన్నయ్య గొంతును మెచ్చుకునేవాళ్ళు. ఆ గొంతు కింద ఎవరు నేల పరుస్తున్నారో అన్నయ్యకు తెలుసు.

ఒకనాటి వానాకాలం ఉదయం వంటింటి కిటికీ చెమ్మకు ఉబ్బి బిగుసుకుపోయింది. మేకు అరచేత్తో గట్టిగా నెట్టింది. కిటికీ కదల్లేదు, అద్దం పగిలింది. కుడిచెయ్యి మణికట్టు దాకా అందులోకి దిగిపోయింది.

ఆపరేషన్ చేసిన డాక్టరు వేళ్ళను ఆడించే తాళ్ళు తెగాయనీ, కుట్టాననీ, ఇక ఓపిక పట్టాలనీ చెప్పాడు. చెయ్యి చాలాకాలం కట్టులో ఉంది. కట్టు విప్పాక ఫిజియోథెరపీ మొదలైంది. మెత్తటి రబ్బరు ముద్దను పిసకడం, గుండుసూదులు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వెయ్యడం. సూది పట్టుకుంటే బొటనవేలు వణికేది. మేకు పళ్ళు బిగించి మళ్ళీ ఏరేది. థెరపిస్టు మితంగా మాట్లాడే మనిషి. "రోజుకు చెప్పినంతే చెయ్యండి. ఎక్కువ చేస్తే ఎక్కువ రాదు" అనేది. ఆ మాట మేకు చెవికెక్కలేదు.

గిటారు పట్టుకోవచ్చని చెప్పిన రోజే ఆమె ముందుగదిలో పెట్టె మీద గుడ్డ తీసింది. వాల్వులు వెలిగాయి. రెండో మీట వేసి, నాబ్ చుక్క మీద ఉందో లేదో చూసుకుని, తీగ మీద చెయ్యి వేసింది. తేటగా పలికింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత గట్టిగా కొట్టింది. మళ్ళీ అదే తేటదనం. ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని కొట్టింది. తీగలు మీటే ప్లెక్ట్రమ్ బిళ్ళ వేళ్ళ మధ్యనుంచి జారి గది మూలకు పోయింది, మోత మాత్రం అంతే. ఆమె గొంతు చించుకుని అరుస్తున్నట్టుంది, పెట్టెకు గుసగుసే వినిపిస్తున్నట్టుంది.

గుమ్మంలో నిలబడ్డ భర్త, "బాగానే పలుకుతోందిగా" అన్నాడు.

"సగమే పలుకుతోంది. పై సగం లేదు."

"వస్తుందిలే, తొందరేముంది?"

"తెస్తాను" అంది మేకు.

అక్కణ్ణుంచి ఆమె చెయ్యి మీద దండయాత్ర మొదలుపెట్టింది. లాండ్రీలో నీళ్ళు పిండే మిషన్లు గిర్రున తిరుగుతుండగా, పక్కన నిలబడి తడి తువ్వాళ్ళు చేత్తో మెలితిప్పి పిండేది. "మిషన్లు కొన్నది నువ్వు పిండడానికా?" అని భర్త గొణిగితే వినపడనట్టు ఊరుకునేది. రబ్బరు ముద్ద పిసుకుతూ అన్నం వడ్డించేది. మధ్యాహ్నాలు వాయించుకోవడానికి పెట్టెను లాండ్రీ వెనకగదికి చేర్పించింది. మిషన్ల హోరులో ఎంత మోగించినా ఇరుగుపొరుగు గడప తొక్కరు కదా అని. అక్కడ చుక్క దగ్గర నాబ్ పెట్టి, కొట్టిందే కొట్టడం. చుక్కను దాటి తిప్పడం ఆమెకు ఒప్పుదల కాదు. చెయ్యి తన చోటికి తిరిగి రావాలి గానీ, చెయ్యి రాలేదని హద్దురాయి జరపడమేమిటని ఆమె పంతం.

ఆ గదిలో పెట్టెకూ ఒక జబ్బు చేసింది. పిండే మిషను తిరిగినప్పుడల్లా స్పీకరులోంచి గణగణమని సన్నటి మోత వచ్చేది. వెనకవైపు తెరిచి పెన్సిలుతో ఒక్కొక్క వాల్వునూ మెల్లిగా తట్టి చూస్తే ఒకటి గంటలా మోగింది. అదిరితే మోగే దశకు వచ్చిందది. దాన్ని తీసేసి దాచుకున్న కొత్తది పెట్టింది, గణగణ ఆగింది. తన మణికట్టునూ అలా తీసి పెట్టగలిగితే ఎంత బావుండునని ఆమెకు అనిపించింది.

చివరికి మణికట్టు పూరీలా పొంగింది. థెరపిస్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం చేశారు?" అంది.

"తువ్వాళ్ళు పిండాను."

"ఎన్నాళ్ళుగా?"

మేకు కొంగు తీసి మణికట్టు మీద కప్పుకుంది. థెరపిస్టు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "చూడండి, ఇది బాగైన చెయ్యే. పట్టు వచ్చింది, వేళ్ళు ఆడుతున్నాయి, తాకితే తెలుస్తోంది. కొట్టే బలం మాత్రం మునుపటంత రాదు. నేను ఇదివరకే చెప్పాల్సింది, మీరు వినే స్థితిలో లేరని ఆగాను. ఇంకా బలం కావాలని లాగితే ఉన్నదీ పోతుంది."

"ఎంత వస్తుంది?"

"ఇప్పుడున్నంత."

మేకు బస్సెక్కింది. ఇంటికొచ్చి పడుకుంది. భర్త కాఫీ తెచ్చి బల్లమీద పెట్టాడు. అది చల్లారి తొరక కట్టినా ఆమె లేవలేదు. మేకు మంచం మీద పగటిపూట పడుకోవడం ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. ఏం చెయ్యాలో తోచక బావమరిదికి ఫోన్ చేశాడు.

అన్నయ్య మర్నాడే వచ్చాడు. చేతిలో కొత్త అట్టపెట్టె. దాంట్లో పుస్తకమంత డిజిటల్ యంత్రం. మేకు గాయపడ్డాక బ్యాండు ఆగకూడదని అన్నయ్య లెక్కల మాస్టారొకాయన్ని గిటారుకు పెట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, వేళ్ళు ఎక్కడ పడాలో అక్కడే పడతాయి, ఒక్క తప్పు రాదు. ఆయన వాడే యంత్రం లాంటిదే ఇది.

"ఇందులో కంప్రెసర్ ఉంటుంది. నువ్వు మెల్లిగా కొట్టు, గట్టిగా కొట్టు, అదే సమం చేసి బయటికి పంపిస్తుంది. వాల్వు మోత కూడా ఉంది. బటన్ నొక్కితే చాలు. నీ చేతికి శ్రమ ఉండదు. వచ్చే నెలనుంచి నువ్వే వాయించు" అన్నాడు అన్నయ్య.

అతను ప్రేమతో తెచ్చాడని ఆమెకు తెలుసు. అందుకే నోటికొచ్చింది అనకుండా గిటారు తీసి దానికి తగిలించింది. వాయించింది. నిజంగానే మోత నిండుగా, బరువుగా వచ్చింది. కరకర కూడా ఉంది. అన్నయ్య ముఖం విప్పారింది. ఆమె తీగను ఈక తగిలినట్టు తాకింది. అంతే నిండుగా వచ్చింది. చేతనైనంత గట్టిగా కొట్టింది. అదే నిండు.

"వింటున్నావా?" అంది.

"బ్రహ్మాండంగా ఉంది."

"నేను పలకరించినా, తిట్టినా దీనికి ఒకటే, అన్నయ్యా. పక్కవాడికి జవాబు చెప్పినట్టుంది."

"వినే జనానికి తెలీదే."

"నీకు తెలుస్తుంది. నువ్వు పాట తగ్గించినప్పుడు నీ వెనక ఎవరూ తగ్గరు. చూసుకో."

అన్నయ్యకు కోపం వచ్చింది. "ఒక చెక్కపెట్టె మీద ఇంత పంతమా? చెయ్యి పోయినా బుద్ధి మారలేదు నీకు" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు. మేకు గిటారు వైరు ఊడదీసి, చుట్ట చుట్టి, యంత్రాన్ని దాని అట్టపెట్టెలో జాగ్రత్తగా సర్ది అతని చేతిలో పెట్టింది.

"చెయ్యి పోలేదు. ఉన్న చెయ్యి ఇది" అంది.

ఆ మాట అన్నాక ఆమెకే వింతగా తోచింది. ఇన్ని నెలలుగా ఆమె లేని చేతి కోసం వాయించింది. ఉన్న చెయ్యి ఏం చెయ్యగలదో ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం లాండ్రీ వెనకగదికి వెళ్ళి పెట్టె వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. వైరు దూర్చే చోటు పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, సగం పవర్‌కు దించేది. కొన్న కొత్తలో ఒకసారి వేసి చూసి, తన చేతి దెబ్బకు పెట్టె ఊరికే చీలిపోతోందని మళ్ళీ ముట్టుకోలేదు. అప్పటి చేతికి అది పనికిరాలేదు. ఇప్పుడు ఆ మీట కిందికి నొక్కింది. ముందుకు వచ్చి వాల్యూమ్ నాబ్‌ను గోళ్ళరంగు చుక్క దాటించింది.  ఇంకా తిప్పింది. నాబ్ చివరికి కాస్త ఇవతల ఆగింది.

ప్లెక్ట్రమ్ మందంగా ఉందని పక్కన పెట్టి పల్చటిది తీసింది. తీగను తాకీ తాకనట్టు తాకింది. తేటగా వచ్చింది, గాజులాగే. కొంచెం నొక్కింది. స్వరం చిక్కబడింది. తన ఇప్పటి చేతికి ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. పెట్టె కుంగి, లేచి, చీలింది.

మేకు మళ్ళీ మెత్తగా, మళ్ళీ గట్టిగా మీటి చూసింది. పై సగం దూరంగా ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. కాకపోతే ఇదివరకు మోచేతినుంచి ఊపితే గానీ రానిది ఇప్పుడు వేలికొస తేడాతో వస్తోంది. అదే చిక్కు కూడా. మెత్తదనానికీ దెబ్బకూ మధ్య ఇదివరకు బారెడు దూరం ఉండేది, ఇప్పుడు బెత్తెడే. ఆ బెత్తెడులో అన్ని మెట్లూ కట్టుకోవాలి. ఏమాత్రం ఏమరుపాటుగా ఉన్నా తేటగా ఉండాల్సినచోట బొంగురు వస్తుంది.

ఆ రోజునుంచి తువ్వాళ్ళు పిండడం మానేసింది. థెరపిస్టు చెప్పినంతసేపే వాయించి, చెయ్యి బరువెక్కగానే ఆపేసేది. వాయించేది గట్టిగా కాదు, మెత్తగా. ఒకే స్వరాన్ని ఒకదానికంటే ఒకటి కాస్త మెత్తగా, ఇక ఇంతకంటే తగ్గించలేననేదాకా. మిషన్ల హోరులో అంత సన్నటి తేడాలు వినపడవని, అవి ఆగే భోజనాల వేళను తనకు ఉంచుకుంది. మిడిల్ నాబ్ పెంచింది, మెత్తటి స్వరాలకు ఒళ్ళు వచ్చింది. రివర్బ్ బాగా తగ్గించింది, అది తప్పుల మీద దుప్పటి కప్పుతోందని. భర్త అన్నం పెట్టుకుని వెనకగది గుమ్మంలో కూర్చుని తినేవాడు. ఒకరోజు ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది మేకు.

"ఏం లేదు. ఇప్పుడు వాయించావే, అది మళ్ళీ వాయించు."

సాధన కుదిరిందనుకున్నాక ఆమె బ్యాండు సాధన చేసుకునే షెడ్డుకు పెట్టెతో సహా వెళ్ళింది. వదిన ఎదురొచ్చి ఒక పక్క పట్టుకుంది. మాస్టారు లేచి నిలబడి, "రండమ్మా, మీ చోట్లో ఇన్నాళ్ళూ అద్దెకున్నాను" అన్నాడు.

మొదటి పాట ఎత్తుకున్నారు. వదిన డ్రమ్స్ మోగాయి, అన్నయ్య బేస్ దద్దరిల్లింది. మేకు వాయిస్తున్నదేదీ ఎవరికీ వినపడలేదు. ఆమెకూ వినపడలేదు. అన్నయ్య పాట ఆపాడు.

"పవర్ పెంచు."

"పెంచితే నా చెయ్యి చాలదు. పెట్టె ముందు మైకు పెట్టండి. హాల్లో జనానికి అదే అందుతుంది."

"మరి మాకు?"

"మీరు దిగి రండి" అంది మేకు.

అన్నయ్య తెల్లబోయాడు. "ముగ్గురం ఒక మనిషి కోసం మొత్తం పాటను కిందికి దించాలా? క్లబ్బులో జనం కబుర్లాడుకుంటారు, గ్లాసులు మోగుతాయి, డాన్సులు చేస్తారు. అక్కడ మెల్లిగా పాడితే మనల్ని చూసి జాలిపడతారు."

"ఒక్క పాట ఇలా చూద్దాం. బాగోలేదంటే పెట్టె తీసుకుని ఇంటికెళ్ళిపోతాను. మాస్టారే ఉంటారు. నిన్ను మళ్ళీ అడగను."

అన్నయ్య మాస్టారి వైపు చూశాడు. ఆయన గడ్డం గీరుకున్నాడు. "నన్నడిగితే, ఇన్నాళ్ళూ నేను ఆవిడ వాయించినవి అచ్చుగుద్దినట్టు వాయించాను. అయినా నువ్వు ప్రతి పాటలోనూ రెండో చరణం దగ్గర వెనక్కి తిరిగి చూసేవాడివి. నేనేం తప్పు చేశానా అని హడలిపోయేవాణ్ణి" అన్నాడు.

ఈలోగా వదిన లావు పుల్లలు పక్కన పడేసి సంచీలోంచి సన్నటి తీగల బ్రష్షులు తీసింది. వాటితో డ్రమ్ము తోలు మీద ఒకసారి నిమిరింది. "నాకూ నడుం నొప్పే. దిగి రావడానికి నేను సిద్ధం" అంది. మొగుడి వంక చూసి, "మీరు కూడా ఒకసారి గొంతు చించుకోకుండా పాడి చూడండి. ఇంట్లో ఎలాగూ ఆ భాగ్యం లేదు" అంది.

అన్నయ్య నవ్వాపుకోలేకపోయాడు. బేస్ తగ్గించాడు. పాడాడు. పాట సగంలో అతను గొంతు దించినప్పుడు, వెనక మేకు కూడా దిగింది. ఇంకా దించాడు, ఇంకా దిగింది. అతను తనలో తాను అనుకున్నట్టు పాడిన చోట, ఆమె తీగ మీద వేలు ఊపిరిలా ఆనించింది. పాట అయ్యాక అన్నయ్య సీసా అందుకున్నాడు. మంచినీళ్ళు తాగి, "మళ్ళీ" అన్నాడు.

నెలనెలా వాయించే క్లబ్బులో ప్రోగ్రాం ఆ శనివారం సాయంత్రం. మాస్టారిని వద్దనలేదు, మేకే పట్టుబట్టి ఆయన్ని రెండో గిటారుకు ఉండమంది. తన చెయ్యి ప్రోగ్రాం మొత్తం నిలవదని ఆమెకు తెలుసు. ఆ సంగతి దాచి ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే ముందే చెప్పుకోవడం మేలనుకుంది. చివరి పాటలు ఆయన వాయిస్తారని ఒప్పందం.

హాలు నిండింది. మైకులవాడు పెట్టె ముందు మైకు పెట్టి, వంగి పెట్టెకు చెవి ఆనించి, "ఇది ఆన్‌లో ఉందా మేడమ్?" అన్నాడు. మేకు ఒక తీగ మీటింది. అతను ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

మొదటి పాట గాలికిపోయింది. జనం మాటల్లో మునిగి ఉన్నారు. వెనక బల్ల దగ్గర ఎవరో పుట్టినరోజు అని చప్పట్లు కొట్టారు. క్లబ్బు మేనేజరు స్టేజీ పక్కకు వచ్చి రెండు చేతులూ పైకి ఊపుతూ పెంచమని సైగ చేశాడు. మైకు ఇంకా పెంచితే కీచుమంటుందని మైకులవాడు చేతులు తిప్పాడు.  అన్నయ్య తిరిగి చెల్లెలి వంక చూసి, కళ్ళతో పెట్టె వెనక మీటను చూపించాడు. ఆ మీట పైకి లేపితే మోత హాలును నింపుతుంది. ఆమె చేతిలోంచి మాత్రం జారిపోతుంది.

మేకు తల అడ్డంగా ఊపింది.

రెండోది నెమ్మది పాట. మొదలు ఆమెదే, ఒంటరి గిటారు. అనుకున్నదానికంటే మెత్తగా మొదలుపెట్టింది. ముందు వరసలో కూర్చున్నావిడ మాటాపి ముందుకు వంగింది. మేకు ఇంకా తగ్గించింది. ఆవిడ పక్కాయన ఎవరినో ఉష్‌మన్నాడు. హాలంతా నిశ్శబ్దమైందని చెబితే అబద్ధం అవుతుంది; వెనక బల్లల దగ్గర గ్లాసులు మోగుతూనే ఉన్నాయి. కానీ స్టేజీ దగ్గర సగం హాలు ఇటు తిరిగింది. అన్నయ్య అందుకున్నాడు. అరవలేదు. ఇంట్లో గోడకానుకుని పాడుకునే గొంతుతో పాడాడు. వదిన బ్రష్షులు తోలు మీద నిమిరినట్టు కదిలాయి. మాస్టారు మంద్రంగా పలికే తీగల మీద దీపం పట్టుకున్నవాడిలా నిలకడగా నడిచాడు. రెండో చరణంలో అన్నయ్య గొంతెత్తిన క్షణాన మేకు ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. పెట్టె కుంగింది, చీలింది. ముందు వరసలో ఆవిడ చెయ్యి గుండె మీదికి పోయింది.

అన్నయ్య వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత మేకు ఇంకా కొన్ని పాటలు వాయించింది. బొటనవేలు వణకడం మొదలుకాగానే మాస్టారికి కనుసైగ చేసి, పెట్టెను ఆపేసి, స్టేజీ పక్కన కుర్చీలో కూర్చుంది. కూర్చున్నందుకు సిగ్గుపడలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మాస్టారు అచ్చుగుద్దినట్టు వాయించడం విని ఆనందించింది.

మేనేజరు మాత్రం ఆనందించలేదు. సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే వచ్చి, "మీరు బాగా వాయించారు, కాదనను. మావాళ్ళు డాన్సు చెయ్యడానికి వస్తారు సార్. వచ్చే నెల వేరేవాళ్ళని చూసుకుంటాను" అన్నాడు. అన్నయ్య సరేనని తల ఊపాడు. ఇన్నేళ్ళుగా వస్తున్న క్లబ్బది. వ్యానులో అతను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. వదిన, "నడుం నొప్పి లేదు ఇవాళ" అని ఎవరికీ కాకుండా చెప్పింది.

మేకుకు ఆ క్లబ్బు పోయినందుకు బాధగానే ఉంది. ఆ బాధలో తన వంతు ఎంతో ఆమెకు తెలుసు. అయినా పెట్టె మీట పైకి లేపి ఉండాల్సిందని ఒక్కసారీ అనుకోలేదు.

సోమవారం ఆమె హోటలు దుప్పట్ల మూట విప్పుతుండగా అన్నయ్య లాండ్రీకి వచ్చాడు. ఆవిర్ల మధ్య దారి వెతుక్కుంటూ ఆమె బల్ల దగ్గరికి చేరాడు. సారీ లాంటివి అతని నోటివెంట రావు, ఆమె ఎదురుచూడనూ లేదు. ఓ దుప్పటి కొస పట్టుకుని మడతకు సాయం చేస్తూ అన్నాడు:

"ఆ పెద్ద పాట ఉంది కదా, చివర్లో నేను అరిచేది. దాన్ని శ్రుతి దించి పాడి చూశాను రాత్రి. బాగుందనిపించింది."

"పాడు."

"ఇక్కడా?"

"మిషన్లకు చెవుల్లేవు. పాడు."

అతను పాడాడు, దుప్పటి కొస చేతిలోనే ఉంది. మేకు తల వంచుకుని విని, "మొదలు బాగుంది. చివర మళ్ళీ అరుస్తున్నావు" అంది.

"అది అరుపు కాదు, అక్కడ పాట అలాగే లేస్తుంది."

"లేవనీ. నువ్వు లేపకు."

"నువ్వెప్పుడు పాట నేర్పడం మొదలుపెట్టావే?"

"నువ్వు వినడం మొదలుపెట్టినప్పటినుంచి."

అటుగా వచ్చిన భర్త ఇద్దరి చేతుల్లోంచి దుప్పటి లాక్కుని, "ముందు దీన్ని నేల మీద ఈడ్చకండి. మళ్ళీ ఉతికేది నేనే" అన్నాడు. అన్నాచెల్లెళ్ళు ఆయన మాట పట్టించుకోకుండా వాదించుకుంటూనే వెనకగదిలోకి నడిచారు. మేకు మొదటి మీట వేసింది. వాల్వులు వేడెక్కేదాకా ఆ చివరి వరుసను అన్నయ్య చేత మెల్లిగా, ఇంకా మెల్లిగా పాడిస్తూనే ఉంది.